కనకరత్నం ఇంజను నెంబరు

పంచ కింద ఎవరి బండి ఉండాలన్న తగువు ఆ ఇంట్లో మూడో రోజుకి వచ్చింది.

మూడో రోజంటే కొత్త మాటలు అయిపోయి, మొదటి రోజు మాటలే మళ్ళీ తీసి వాడుకునే రోజు. గంగరాజు వేపపుల్ల నోట్లో పెట్టుకునే, "నీ సైకిలు అక్కడ పెడితే నా కారు ముక్కు ఎండలోకొస్తాది. రంగు పోతే కమిషనరుగారు నన్నంటారు" అన్నాడు.

"కారు ముక్కు కాలితే రంగు పోద్ది. సైకిలు సీటు కాలితే ఏవవుద్దో మీకు తెలవదు. కూర్చునేది నేను" అంది కనకరత్నం, క్యారియరు మీద గోనెసంచి బిగిస్తూ.

"సైకిలుకి నీడేంటే తల్లీ, విడ్డూరం కాకపోతే" అంది అత్తగారు సూరమ్మ, మంచం మీద కూర్చుని మెంతులు ఏరుతూ. "కారంటే సర్కారుది."

కారు నిజానికి సర్కారుది కాదు. వెదురుపర్రు పురపాలక సంఘం నెలకింతని అద్దెకి తీసుకున్నది. గంగరాజు దాని డ్రైవరు. కానీ వెనకసీట్లో కమిషనరు కూర్చుంటాడు గనక ఆ ఇంట్లో దాన్ని సర్కారుదనే అంటారు. సైకిలు మాత్రం అచ్చంగా కనకరత్నానిదే. ఊరవతల, బైపాసు దాటి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న బళ్ళో ఆమె మధ్యాహ్నం వంట చేస్తుంది. పొద్దున్నే మార్కెట్లో కూరలు తీసుకుని ఎనిమిదింటికల్లా పొయ్యి దగ్గరుండాలి. నూట నలభైమంది పిల్లలు. ఆమెకి ముందు చేసిన ఇద్దరు వంటవాళ్ళు ఆ దూరం నడవలేక మానేశారు. కనకరత్నం పదకొండేళ్ళుగా మానకుండా ఉందంటే అది సైకిలు పుణ్యమే.

అసలు తగువు నీడది కాదు, ములక్కాడలది.

సోమవారం పొద్దున ఆమె ములక్కాడల కట్టని క్యారియరు మీద అడ్డంగా కట్టుకుని మార్కెట్టు వీధిలో వెళ్తోంది. వెనకనుంచి ఒక కారు నాలుగు హారన్లు కొట్టి, ఐదోది కొట్టే ఓపిక లేక పక్కనుంచి దూరింది. కారు అద్దానికి కట్ట తగులుకుంది. కారు వెళ్ళిపోయింది, దానితో ములక్కాడలూ వెళ్ళిపోయాయి. కనకరత్నం సైకిలుతో సహా మురుగుకాలవ గట్టు మీద పడింది. లేచి చూస్తే ఆ కారు నెంబరు ఆమెకి బాగా తెలిసిన నెంబరే.

"పెళ్ళాన్నని కూడా చూడలేదు" అని ఆమె మూడు రోజులుగా అంటోంది.

"ఎనకనుంచి సైకిలోళ్ళందరూ ఒక్కలాగే ఉంటారే" అని అతను మూడు రోజులుగా అంటున్నాడు.

"ఇరవైరెండేళ్ళ సంసారం" అని ఆమె గుమ్మం దాటింది.

ఆ సోమవారమే ఆఫీసు ముందు కారు దిగిన కమిషనరు చిదంబరేశ్వరరావు గారు, అద్దానికి వేలాడుతున్న ములక్కాడల్ని చూసి, "ఏమిటిది గంగరాజూ?" అని అడిగారు. గంగరాజుకి భయం వేసింది. భయం వేసినప్పుడు మనిషి తన తప్పుని చిన్నది చేసి సమస్యని పెద్దది చేస్తాడు.

"సైకిలోళ్ళతో చచ్చిపోతన్నావండి. ఆళ్ళకి లైసెన్సు లేదు, నెంబరు లేదు, పొల్యూషను లేదు. మాకున్న రూల్సే ఆళ్ళకీ ఉంటే ఇలాటియ్యి జరగవండి" అన్నాడు.

అదే రోజు మధ్యాహ్నం అర్జీల కార్యక్రమంలో పేపర్లు వేసే అతను, పాలు పోసే అతను, పూలమ్మే ఆమె, మొత్తం పదకొండుమంది సైకిలువాళ్ళు సంతకాలు పెట్టిన కాగితం ఒకటి వచ్చింది. "రోడ్డు మీద మేమూ కార్లవారితో సమానమేనని గుర్తించ ప్రార్థన" అని అందులో ఉంది. మూడో సంతకం కనకరత్నానిది.

కమిషనరుగారు రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో, పోట్లాడుకునే రెండు పక్షాలూ ఒకే కోరిక కోరడం ఆయన ఎరగరు. ఒక పక్షం సమానమైన రూల్సు కావాలంది. రెండో పక్షం సమానత్వమే కావాలంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని డిక్టేషను ఇచ్చారు.

"పురపాలక సంఘ పరిధిలో మోటారు మరియు అమోటారు వాహనచోదకుల మధ్య పొడసూపుచున్న వైమనస్యమును సమూలముగా తొలగించు నిమిత్తము, ఉభయ వర్గములకు సర్వవిధముల సమానత్వము ప్రసాదించుచు, మోటారు వాహనములకు వర్తించు యావత్తు నిబంధనలను సైకిళ్ళకు సైతము వర్తింపజేయుచు ఉత్తర్వులు జారీ చేయడమైనది."

చివర "మరియు ఇందుమూలముగా సంతోషము వ్యక్తము చేయడమైనది" అని కూడా చేర్చారు.

టౌనుహాల్లో సైకిళ్ళ రిజిస్ట్రేషను మేళా పెట్టారు. సైకిళ్ళకి వేరే ఫారం అచ్చు వేయించాలంటే టెండరు పిలవాలి. టెండరుకి మూడు నెలలు. అందుకని మోటారు వాహనాల ఫారమే వాడమన్నారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. వచ్చిన చిక్కల్లా ఆ ఆఫీసులో తరతరాలుగా వస్తున్న ఒక పద్ధతితో వచ్చింది. అక్కడ ఫారంలో ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. గీత కొట్టకూడదు, "లేదు" అని రాయకూడదు. ఖాళీ గడి ఉంటే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. ఎప్పుడో ఒక గుమాస్తా ఒక గడి వదిలేసి పింఛను పోగొట్టుకున్నాడని అక్కడ చెప్పుకుంటారు. ఆ గుమాస్తాని చూసినవాళ్ళు లేరు గానీ భయం మాత్రం అందరికీ ఉంది.

వాహన పరిశీలకుడు మోహనరంగం కనకరత్నం ఫారం నింపుతూ ఏడో గడి దగ్గర ఆగాడు.

"ఇంజను నెంబరు?"

"సైకిలుకి ఇంజనేంటండి?"

"గడి ఉందమ్మా."

"గడి ఉంటే నేనేం చేస్తానండి?"

మోహనరంగం చెడ్డవాడు కాదు. ఆలోచించే మనిషి, అంతే. కలం గడ్డానికి ఆనించుకుని అడిగాడు. "ఇంజను లేని వాహనం కదలదు. అవునా?"

"అవునండి."

"నీ సైకిలు కదులుతుందా?"

"ఎందుకు కదలదూ, నేను తొక్కితే కదులుద్ది."

"అదీ" అని అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఏడో గడిలో ఆమె ఆధార్ నెంబరు రాశాడు.

ఇంజను దొరికాక మిగతా గడులన్నీ వరసగా నిండిపోయాయి. ఇంధనం దగ్గర, "పొద్దున్న ఏం తిన్నావమ్మా?" అని అడిగాడు. చద్దన్నం, ఉల్లిపాయ అంది కనకరత్నం. 'ద్వి ఇంధనం' అని రాసుకున్నాడు. తయారైన తేదీ అన్నచోట ఆమె పుట్టినరోజు రాశాడు. తయారీదారు అన్నచోట ఆమె తండ్రి పేరు రాసి, తల్లి పేరుకి చోటు చాలలేదని విచారించాడు. పొల్యూషను పరీక్షకి గొట్టంలోకి ఊదమంటే ఊదింది. ఉల్లిపాయ మూలాన ఫెయిలైంది. యాలకులు నమిలి మళ్ళీ ఊదితే పాసైంది.

రెండు రేకు ప్లేట్లు ఇచ్చారు. చాసిస్ ప్లేటు సైకిలుకి. ఇంజను ప్లేటు ఇంజనుకి. దాన్ని పురికొసతో మెడలో వేసుకోవాలి, తీయకూడదు.

సాయంత్రం ఇంటికొచ్చిన కోడల్ని సూరమ్మ దగ్గరికి పిలిచి ప్లేటు పట్టుకుని చూసింది. "మావోడు కట్టిన పుస్తెల కన్నా ఇదే మెరుస్తందే" అంది.

పదిహేడేళ్ళ కూతురు జ్యోత్స్న నవ్వి, "నాన్నా, అమ్మకి నెంబరొచ్చింది. ఇంక ఎనకనుంచి గుర్తుపట్టొచ్చు" అంది.

"నెంబరు మెడలో ముందుకుంది. ఎనక్కి తిప్పుకోమను" అన్నాడు గంగరాజు. రూల్సు వచ్చినందుకు అతను లోపల్లోపల సంతోషంగానే ఉన్నాడు.

మొదటి పదిహేను రోజులు ఊళ్ళో సమానత్వం బాగానే నడిచింది. సీటుబెల్టు పెట్టుకున్న పాలతను సైకిలుతో సహా పడ్డాడు. పడ్డాక ఊడదీసుకోలేక, పోలీసు వచ్చి బెల్టు పెట్టుకున్నందుకు మెచ్చుకునేదాకా అలాగే పడుకున్నాడు. పూలమ్మే ఆమె ఇంజను ప్లేటు మరిచిపోయి వచ్చింది. ఇంజను లేని వాహనం నడుపుతున్నట్టు రాశారు. ఈ తంటాలు పడలేక చాలామంది సైకిళ్ళు దిగి నడిపించుకుపోవడం మొదలుపెట్టారు. అప్పుడు ఇంజను ఆగిపోయిన వాహనం కింద లెక్కగట్టి, చెడిపోయిన బళ్ళ మాదిరే వెనక ఎర్రగుడ్డ కట్టుకుని, గట్టిగా ఉన్న వేరే వాహనానికి తాడు వేసి లాక్కుపోవాలన్నారు. మార్కెట్టు వీధిలో ఒకాయన తన సైకిలు మీద తొక్కుతూ వెనక ఇద్దరు అన్నదమ్ముల్ని, వాళ్ళ సైకిళ్ళని తాడుతో లాక్కుపోతుంటే, వాళ్ళ వెనక కమిషనరుగారి కారు ఇరవై నిమిషాలు ఉండిపోయింది.

గంగరాజు హారను మీద చెయ్యి పెట్టి తీసేశాడు. ఇప్పుడు వాళ్ళు రూల్సు ప్రకారమే అడ్డం వచ్చారు.

అప్పుడు కనకరత్నానికి జ్వరం వచ్చింది. కూరలు మార్కెట్లోంచి బడికి చేరాలి గనక జ్యోత్స్న సైకిలు తీసుకుని వెళ్ళింది. గడియారస్తంభం దగ్గర ఆపారు.

"చాసిస్ నెంబరు సరిపోయింది. ఇంజను నెంబరేదమ్మా?" అన్నాడు మోహనరంగం.

"ఇంజను ఇంట్లో పడుకుందండి. నూట రెండు జ్వరం."

"మరి నువ్వెవరు?"

"కూతుర్నండి."

"అనుమతి లేకుండా ఇంజను మార్పిడి" అని అతను బాధగా రాసుకున్నాడు. "తల్లి ఇంజను తీసి కూతురు ఇంజను బిగించారు. కంపెనీ ఒకటే అయినా మోడలు వేరు."

సైకిలు మూడు రోజులు సీజు చేశారు. జ్వరం దిగీదిగకముందే కనకరత్నం కూరల సంచి నెత్తిన పెట్టుకుని నాలుగు కిలోమీటర్లు నడిచింది. పొయ్యి తొమ్మిదిన్నరకి వెలిగింది. అన్నం ఒంటిగంట దాటాక అయింది. ఒకటో తరగతి పిల్లలు ఖాళీ పళ్ళేల మీద తలపెట్టి నిద్రపోయారు. ప్రధానోపాధ్యాయురాలు మంచావిడే. "నిన్ను తీసెయ్యాలని నాకేం లేదు కనకం. ఇంకో నెల ఇలాగే అయితే మటుకు దగ్గర్లో ఉన్న మనిషిని చూసుకోవాలి. పిల్లలు ఆగరు కదా" అంది.

ఆ మాట ఇంట్లో చెప్పి, "కమిషనరుగారితో ఒక్కమాట చెప్పండి. మీ నోటంటే వచ్చింది, మీ నోటంటే పోద్దేమో" అంది మొగుడితో.

గంగరాజు చెబుదామనే అనుకున్నాడు. మర్నాడు కారెక్కగానే కమిషనరుగారే నోరు విప్పారు. "గంగరాజూ, ఈ నెలలో సైకిలిస్టులపై డ్రైవర్ల ఫిర్యాదులు శూన్యం. డ్రైవర్లపై సైకిలిస్టుల ఫిర్యాదులు శూన్యం. అసలు సైకిలిస్టులే శూన్యానికి సమీపిస్తున్నారు. వైమనస్యం సమూలంగా పోయిందన్నమాట. నీ సూచనను నేను మరువలేదు." ఆ వారమే మీటింగు పెట్టి గంగరాజుకి శాలువా కప్పి, ప్రశంసాపత్రం ఇచ్చారు. 'రహదారి సమానత్వ ఆద్య ప్రేరకుడు' అని అందులో బంగారు రంగుతో రాసి ఉంది. సూరమ్మ దాన్ని టీవీ పైన మేకు కొట్టించి తగిలించింది. ఇంక కమిషనరుతో ఏమని చెబుతాడు?

నెలాఖరుకి ఫిట్‌నెస్ పరీక్షలు వచ్చాయి.

కనకరత్నం వంతు వచ్చేసరికి మోహనరంగం ఆమెచేత టౌనుహాలు చుట్టూ రెండుసార్లు తొక్కించాడు. మోకాలి దగ్గర చెవి పెట్టి, "శబ్దం ఉంది" అన్నాడు. నుదుటి మీద చెమట చూసి, "లీకేజీ" అని రాసుకున్నాడు. తర్వాత తయారైన తేదీ గడి చూసి కలం కింద పెట్టేశాడు.

"నలభయ్యారేళ్ళమ్మా."

"అవునండి. మొన్న శ్రావణానికి నిండినియ్యి."

"ఇంజను జీవితకాలం పదిహేనేళ్ళు."

కనకరత్నం కాసేపు లెక్క వేసుకుంది. "పదిహేను దాటితే ఇంజను పనికిరాదు. పద్దెనిమిది నిండకపోతే లైసెన్సు ఇవ్వరు. మరి సైకిలు ఎవరు తొక్కాలండి?"

మోహనరంగం కూడా ఆ లెక్క వేసుకున్నట్టు మొహం పెట్టి, వెంటనే తీసేశాడు. "అది విధాన నిర్ణయమమ్మా. నా గడిలోది కాదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "చాసిస్‌కి మాత్రం ఐదేళ్ళు ఫిట్‌నెస్ ఇచ్చాను. సైకిలు బాగా చూసుకున్నావు" అని ఓదార్చాడు.

"చాసిసొక్కటే వెళ్ళి వంట చెయ్యదు కదండి" అంది ఆమె.

ఇంజన్ని వారంలోగా తుక్కు కేంద్రంలో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. అప్పగించాక ఇంటికి పంపిస్తారా అని అడిగితే, ఆ విషయం ఉత్తర్వులో లేదన్నాడు.

ఆదివారం పొద్దున ఆమె చలివిడి రంగు చీర కట్టుకుని, ఒక్కతే రైలుగేటు పక్కనున్న తుక్కు కేంద్రానికి నడిచి వెళ్ళింది. పాత బస్సుల తలలు, ఆటోల పక్కటెముకలు, మధ్యలో రేకు కుర్చీలో యజమాని. ఆయన ఆమె మెడలోని ప్లేటు చూసి లేచి కుర్చీ వేశాడు.

"ఈ వారంలో నువ్వు ముప్ఫైనాలుగో ఇంజనువమ్మా. టీ తాగుతావా?"

"ముందు పని కానివ్వండి."

కాటా ఎక్కమన్నాడు. ఎక్కింది. యాభైమూడున్నర కేజీలు. ఆయన ప్లేటు పుచ్చుకుని, సుత్తితో రెండు దెబ్బలు కొట్టి వంచి, కుప్పలో పడేశాడు. రాజముద్ర లాంటిదేదో ఉన్న కాగితం మీద సంతకం చేసి ఇచ్చాడు. టీ వచ్చింది. కనకరత్నం పాత బస్సు సీటు మీద కూర్చుని గ్లాసు పట్టుకుని ఆ కాగితం మొత్తం చదివింది. మళ్ళీ ఒకసారి చదివింది. రెండోసారి చదువుతున్నప్పుడు టీ చల్లారిపోయింది. ఆమెకి తెలిసి గత ఇరవైరెండేళ్ళలో, ఒక ఆదివారం పొద్దున పదిగంటలకి ఆమె చేతిలో టీ చల్లారిపోవడం అదే మొదటిసారి.

ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట. పంచ కింద కారుంది. సైకిలు ఎండలో ఉంది. లోపల వంటింట్లో పొయ్యి మీద ఏమీ లేదు. గంగరాజు, సూరమ్మ, జ్యోత్స్న ముగ్గురూ కూర్చుని ఎదురుచూస్తున్నారు.

"ఏవే ఇంతసేపు? కడుపులు మాడిపోతన్నాయి" అంది సూరమ్మ. "నీళ్ళు కూడా పట్టలేదు, కుళాయి వచ్చి పోయింది. రేపు నా నేత చీరలు ఉతకాలి, గుర్తుందా?"

"నాన్న యూనిఫారం కూడా ఇస్త్రీ లేదు" అంది జ్యోత్స్న.

"అయిందా పని?" అన్నాడు గంగరాజు, ఆమె మెడకేసి చూడకుండా. "నేను రేపు సారుతో మాట్లాడతాలే. తప్పకుండా."

"వద్దులెండి. మీ సారు బాగానే రాశారు" అంది ఆమె. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని వచ్చింది. కూతురికి కాగితం ఇచ్చి, "కింద నాలుగు లైన్లు గట్టిగా చదువు. నాయనమ్మకి వినపడాలి" అంది.

జ్యోత్స్న చదివింది. "పై తెలిపిన ఇంజను నేటినుండి తుక్కుగా పరిగణింపబడినది. దీనిని ఎవరును, ఏ ఆవరణయందును, ఏ పనికిని వినియోగింపరాదు. వినియోగించినవారు శిక్షార్హులు. ఇట్లు, కమిషనరు."

"ఏ ఆవరణంటే రోడ్డే" అన్నాడు గంగరాజు.

"రోడ్డని లేదు నాన్నా" అంది జ్యోత్స్న, మరోసారి చూసి.

"అంటే?" అంది సూరమ్మ.

కనకరత్నం గూట్లోంచి నాలుగు కంచాలు తీసి వరసగా పరిచింది. మూడు కంచాల ముందు వాళ్ళు కూర్చుని ఉన్నారు. నాలుగో కంచం ముందు తను కూర్చుంది. అందరితో కలిసి కంచం ముందు కూర్చోవడం ఆ ఇంట్లో ఆమెకి అలవాటు లేదు గనక, మోకాలు ఎటు పెట్టాలో కాసేపు తెలియలేదు. తర్వాత కుదురుకుంది.

"సైకిలు ఇవాళ్టినుంచి పంచ కింద ఉంటాది. దానికి ఇంకా ఐదేళ్ళుంది, ఎండలో పెట్టడానికి లేదు" అంది మెల్లగా, సరుకుల చీటీ చదువుతున్నట్టు. "నేను రేపట్నుంచి నాలుగున్నరకి లేచి బడికి నడిచెళ్తాను. ఎనిమిదింటికి పొయ్యి వెలగాలి. అక్కడ రిజిస్టర్లో నన్ను వంటమనిషని రాసుకున్నారు, ఇంజనని రాసుకోలేదు. అందుకని అక్కడ పని చెయ్యొచ్చు. ఇక్కడ నన్ను ఏవనీ రాసుకోలేదు, ఊరికే నడిపిస్తన్నారు. అది ఇప్పుడు నేరమంట. మీకు శిక్ష పడితే చూడలేను. కాబట్టి కుళాయి, పొయ్యి, ఇస్త్రీ, నేత చీరలు మీరు ముగ్గురూ సమానంగా పంచుకోండి. సమానత్వం సంగతి మీ నాన్నకి బాగా తెలుసు జ్యోత్స్నా, ఆయన చెప్తారు."

ఆమె తన కంచం కొంచెం ముందుకి జరిపింది.

"బియ్యం ఎడమ డబ్బాలో ఉన్నాయి" అంది.